గోడా, కిరణమూ ఒకే సిరాతో: జస్టిన్ గ్రీన్ బొమ్మల గురించి

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నారు, ముందు దానికి థాంక్స్. "మీకు బాగా నచ్చిన ఒక ఆర్టిస్టు గురించి గంటసేపు చెప్పండి" అని నన్ను పిలిచారు. బాపు గారి గురించి చెబుతానని అనుకుని ఉంటారు. ఆయన గురించి చెప్పేవాళ్ళు మనకి చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయే మనిషి గురించి తెలుగులో ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. అందుకే ఇవాళ ఆయన గురించి.

పేరు జస్టిన్ గ్రీన్. అమెరికన్. 1945లో పుట్టాడు, 2022 ఏప్రిల్‌లో పోయాడు. 1972లో నలభై పైచిలుకు పేజీల కామిక్ పుస్తకం ఒకటి వేశాడు. దాని పేరు 'బింకీ బ్రౌన్ మీట్స్ ద హోలీ వర్జిన్ మేరీ'. బింకీ బ్రౌన్ అనే కుర్రాడికీ మేరీమాతకీ మధ్య నడిచిన కథ. ఆ కుర్రాడు గ్రీనే. పేరొక్కటే మార్చాడు.

ఆ పుస్తకం నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పకుండా దాని గురించి చెప్పలేను. కాబట్టి కాసేపు తెనాలి వెళ్దాం.

మా నాన్న తెనాలిలో బోర్డులు రాసేవారు. కిరాణా కొట్లు, మందుల షాపులు, ఎలక్షన్లప్పుడు గోడలు. రేకుకి ముందు రెడ్ ఆక్సైడ్ కొట్టి, అది ఆరాక తెల్ల ఎనామిల్ రెండు కోటింగులు వేసేవారు. ఆ తర్వాత సుద్ద రాసిన దారం. ఒక కొస ఆయన పట్టుకుని, రెండో కొస నాకిచ్చేవారు. మధ్యలో వేలితో లాగి వదిలితే టప్పుమని గీత పడేది. పైన ఒకటి, కింద ఒకటి. అక్షరం ఆ రెంటి మధ్యా కూర్చోవాలి, తలకట్టు పైకి పోవాలి, వత్తు కిందికి దిగాలి. బోర్డు మొత్తం చూడక్కర్లేదు, ముందు రాసే 'శ్రీ' ఒక్కటి చూస్తే చాలు, అది ఏ ఆర్టిస్టు చెయ్యో చెప్పేసేవారు. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. ఆ సంగతి మీకు తెలిసిందే. నాన్న బ్రష్షులన్నీ కిరసనాయిల్లో కడిగి, ఆముదం రాసి, ఒక డబ్బాలో పెట్టేశారు.

మా పెద్దత్తయ్య కొడుకు ఒహాయోలో ఉంటాడు, నాకు బావ అవుతాడు. 2013లో వచ్చినప్పుడు నాన్నకి ఒక పుస్తకం తెచ్చాడు. "మామయ్యా, అక్కడ కూడా నీలాగా బోర్డులు రాసేవాళ్ళున్నారు, వాళ్ళ మీద బొమ్మల పుస్తకం, చూడు" అన్నాడు. అది గ్రీన్ వేసిన 'సైన్ గేమ్'. బోర్డులు రాసేవాళ్ళ కోసం నడిచే 'సైన్స్ ఆఫ్ ద టైమ్స్' అనే పత్రికలో ఆయన వేసిన బొమ్మల కథల సంపుటి. నాన్నకి ఇంగ్లీషు రాదు. అయినా పేజీలు తిప్పుతూ, అక్షరాల అంచుల మీద వేలు పెట్టి అలా పోనిచ్చారు. కాసేపయ్యాక నాతో అన్నారు: "ఇతను నిజంగా బోర్డులు రాసినవాడేరా. చెయ్యి చెబుతోంది."

నిజమే. గ్రీన్ జీవితంలో చాలా ఏళ్ళు బోర్డులు రాసే బతికాడు. మా నాన్నకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అక్షరం చూసి చెప్పేశారు.

సరే, ఈ మనిషి ఇంకేమైనా రాశాడా అని బావని అడిగాను. ఆర్నెల్ల తర్వాత పెద్ద పార్సిల్ వచ్చింది. 2009లో మెక్‌స్వీనీస్ అనే పబ్లిషర్లు 'బింకీ బ్రౌన్'ని మళ్ళీ వేశారు. గ్రీన్ గీసిన ఒరిజినల్ పేజీలు ఎంత సైజులో ఉన్నాయో అంత సైజులోనే అచ్చువేశారు. ఇదిగో, ఈ పుస్తకమే. కాగితం మీద తెల్లరంగుతో దిద్దిన చోట్లు కూడా కనిపిస్తాయి.

ఆ రాత్రి ఇది చదివి నేను నిద్రపోలేదు. ఎందుకో చెబుతాను. అంతకంటే ముందు ఇలాంటి పుస్తకాలు అసలు ఎలా పుట్టాయో కొంచెం చెప్పాలి, త్వరగానే ముగిస్తాను.

అమెరికాలో 1954లో కామిక్స్ మీద పెద్ద గొడవ అయింది. ఫ్రెడ్రిక్ వర్థమ్ అనే సైకియాట్రిస్టు, ఈ బొమ్మల పుస్తకాల వల్లే పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు. సెనేట్ దాకా వెళ్ళింది. భయపడిన పబ్లిషర్లు కామిక్స్ కోడ్ అని ఒక నియమావళి తమకి తామే పెట్టుకున్నారు. అట్ట మీద ఆ కోడ్ ముద్ర లేకపోతే చాలా చోట్ల కొట్టువాళ్ళు పుస్తకం పెట్టేవారు కాదు. దాంతో కామిక్స్ అంటే పూర్తిగా పిల్లల సరుకైపోయింది. 1960ల చివర్లో కొందరు కుర్రాళ్ళు ఆ కోడ్‌ని పక్కన పెట్టేసి సొంతంగా అచ్చువేసుకోవడం మొదలుపెట్టారు. 1968లో రాబర్ట్ క్రంబ్ అనే ఆర్టిస్టు 'జాప్' అనే కామిక్ వేసి, శాన్ ఫ్రాన్సిస్కో వీధిలో చంటిపిల్లల బండిలో పెట్టుకుని అమ్మాడు. పోస్టర్లు, గంజాయి గొట్టాలు అమ్మే కొట్లలో ఇవి దొరికేవి. వీటినే అండర్‌గ్రౌండ్ కామిక్స్ అన్నారు.

గ్రీన్ అప్పటికి పెయింటింగ్ చదువుకుంటున్నాడు. రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చదివాడు, తర్వాత సిరక్యూజ్‌లో పీజీలో చేరాడు. క్రంబ్ బొమ్మలు చూశాక ఆ చదువు మధ్యలో వదిలేసి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో అండర్‌గ్రౌండ్ వాళ్ళందరూ బయటి ప్రపంచం మీద కోపంతో బొమ్మలు వేసేవారు. పోలీసుల మీద, యుద్ధం మీద, పెద్దమనుషుల మీద. సెక్సు, మత్తుమందులు ఎలాగూ ఉన్నాయి. చాలా ధైర్యంగా ఉండేవి. కానీ "నాకు ఇదీ జబ్బు, నేను ఇదీ అనుభవించాను" అని తన లోపలి సంగతి ఎవరూ వెయ్యలేదు. గ్రీన్ ఆ పని చేశాడు. లాస్ట్ గ్యాస్ప్ అనే చిన్న సంస్థ నడిపే రాన్ టర్నర్ నెలనెలా కొంత డబ్బు ఇస్తూ ఉంటే, దాదాపు ఏడాది పాటు కూర్చుని ఈ పుస్తకం పూర్తి చేశాడు.

ఇప్పుడు మొదటి పేజీ చూద్దాం. వెనక వరస వాళ్ళకి కనిపిస్తోందా? లైటు కొంచెం తగ్గించండి.

చూడండి, మనిషిని కట్టేసి తలకిందులుగా వేలాడదీశారు. అతను గ్రీనే. కాళ్ళ దగ్గర కొడవలి ఉంది. చేతులు కట్టేసి ఉన్నాయి కాబట్టి పెన్ను నోట్లో పట్టుకుని బొమ్మ గీస్తున్నాడు. సిరాబుడ్డి మీద ఏం రాసుందో చదవండి: 'నాన్న రక్తం'. పక్కన 'ఆవే మరియా' అనే మేరీమాత ప్రార్థన పాట వస్తోంది. ఆ భంగిమలోనే పాఠకులతో మాట్లాడుతున్నాడు. ఈ జబ్బు నాలోంచి పోవడానికే ఇది గీస్తున్నాను అంటాడు. ఇలాంటి మనోవ్యాధి ఉన్నవాళ్ళందర్నీ ఒక గొలుసుగా కడితే అది భూమిని ఎన్నో చుట్లు చుట్టొస్తుందని అంటాడు. 1972లో అన్నాడు ఆ మాట. జబ్బు పేరు కూడా అప్పటికి ఆయనకి తెలియదు. అది ఓసీడీ అని, అంటే వద్దన్నా అవే ఆలోచనలు తెచ్చి, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బని, చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

కథలోకి వస్తే, బింకీ నాన్న యూదుడు, అమ్మ కాథలిక్. చిన్నప్పుడు ఇంట్లో బంతితో ఆడుతుంటే మేరీమాత బొమ్మ పడిపోతుంది. అక్కడ మొదలవుతుంది భయం. నన్‌లు చదువు చెప్పే స్కూలు, పాపం, నరకం, ప్రతి తప్పుకీ ఒక లెక్క. వయసొచ్చేసరికి మనసులోకి రాకూడని ఆలోచనలొస్తాయి. ఎంత వద్దనుకుంటే అంత వస్తాయి. ఆఖరికి ఎంతదూరం పోతుందంటే, తన ఒంట్లోంచి పాడు కిరణాలు బయటికి పోతున్నాయని అతనికి అనిపిస్తుంది. మొదట నడుము కిందనుంచి, తర్వాత చేతివేళ్ళు, కాలివేళ్ళు, చేతిలో ఉన్న వస్తువులు, అన్నిట్లోంచీ. ఆ కిరణాలు తిన్నగా పోయి ఎక్కడో ఉన్న చర్చికో, మేరీమాత విగ్రహానికో తగులుతాయి. తగిలితే మహాపాపం. కాబట్టి అతను వేలు ఏ వైపు చూపిస్తున్నాడో, కాలు ఏ వైపు పెడుతున్నాడో, ప్రతి క్షణం లెక్క చూసుకోవాలి. ఊళ్ళో ఎన్ని చర్చిలు! ఏ మూలకి తిరిగినా ఒకటి తగులుతుంది.

ఈ పేజీలో ఆ కిరణాలు చూడండి. రూళ్ళకర్రతో కొట్టినట్టున్న నల్లగీతలు. గదిలోంచి బయల్దేరి గోడలు దాటి, వీధులు దాటి పోతున్నాయి. గోడని గీసింది అదే పెన్ను. చర్చి శిఖరాన్ని గీసింది అదే సిరా. కిరణాన్ని గీసిందీ అదే. గోడ కంటే కిరణం ఒక్క పిసరు కూడా పల్చగా లేదు.

నేను ఇవాళ మీకు చెప్పాలనుకున్నదల్లా ఈ ఒక్క పేజీలో ఉంది. ఈ జబ్బు ఉన్నవాడిని ఎవరైనా అడుగుతారు: "అక్కడ ఏమీ లేదు కదరా, నీకెందుకు భయం?" లేదని వాడికీ తెలుసు. తెలిసినా అది గోడంత గట్టిగా ఉంటుంది. ఈ సంగతి మాటల్లో రాస్తే, 'అనిపించింది' అనో 'ఊహించాడు' అనో ఒక క్రియ పెట్టాలి. ఆ క్రియ పెట్టగానే చదివేవాడికి అది అబద్ధం అని తెలిసిపోతుంది. సినిమాలో తీస్తే గోడ నిజం గోడ, కిరణం ట్రిక్కు. కామిక్‌లో ఆ తేడా లేదు. కాగితం మీద ఉన్నవన్నీ గీతలే. బింకీకి ఆ గది ఎలా కనిపించిందో మనకీ అలాగే కనిపిస్తుంది. పైగా గ్రీన్ గీత అక్షరాలు రాసేవాడి గీత, వణుకు ఉండదు. పిచ్చి ఆలోచనని వంకరటింకరగా గీయడం సులువు. ఆయన దాన్ని సుద్దదారం కొట్టినట్టు తిన్నగా గీశాడు. బాధపడేవాడికి అది అంత కచ్చితంగా ఉంటుంది కాబట్టి.

నాకెలా తెలుసో ఇప్పుడు చెబుతాను. ఇది మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

దేవుడి పటం వైపు కాళ్ళు పెట్టకూడదని మన ఇళ్ళల్లో అందరికీ చెబుతారు. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకోమంటారు. మంచి మాటలే, అందరూ విని పెరిగినవాళ్ళమే. నాకు ఎనిమిదో తరగతిలో అది ఆగలేదు. రాత్రి పడుకోబోతే తూర్పున శివాలయం, దక్షిణాన రామాలయం, ఇంకో పక్క గోడకి అవతల దేవుడి గది. మిగిలింది ఒక్క వైపు. ఆ వైపు నేను చదివే మిషన్ స్కూలు, అందులో మేరీమాత గుహ ఉండేది. ఏ దిక్కుకి కాళ్ళు చాపాలి? మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేవాణ్ణి. నిద్రలో కాళ్ళు చాపుకుంటే ఉలిక్కిపడి లేచి లెంపలేసుకునేవాణ్ణి. మూడుసార్లు. సరిగ్గా పడలేదనిపిస్తే మళ్ళీ మూడు. అది తొమ్మిదయ్యేది, ఇరవై ఏడయ్యేది. పొద్దున బుగ్గలు ఎర్రగా ఉండేవి. మా అమ్మమ్మ "వీడికి భక్తెక్కువ" అని మురిసిపోయేది. దేవుడి ముందు నిలబడితే నా మనసులోకి ఎలాంటి మాటలొచ్చేవో ఆవిడకి తెలిస్తే ఏమైపోయేదో. పుస్తకం ముట్టుకోవాలంటే చేతులు కడగాలి, కడిగిన చెయ్యి కుళాయికి తగిలితే మళ్ళీ కడగాలి. టెన్త్ పరీక్షల ముందు రోజు ఒక్క పేజీ కూడా చదవలేకపోయాను. సాయంత్రమంతా కుళాయి దగ్గరే గడిచిపోయింది.

ఈ పుస్తకంలో బింకీ ఒక మాట కనిపెడతాడు: 'నోయాటిన్'. 'ఇది పాపం కాదు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల్ని నలిపి, ముద్ద చేసి తయారుచేసుకున్న మంత్రం. పాడు ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని గొణుక్కుంటాడు. ఆ మాట చదవగానే నా చెయ్యి నా బుగ్గ మీదికి పోయింది. వేల మైళ్ళ అవతల, నేను పుట్టకముందు, వేరే మతంలో, వేరే భాషలో ఒక కుర్రాడు నా లెంపలే వేసుకున్నాడు. అంతకుముందే నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మందులు వాడుతున్నాను, చాలా తగ్గింది కూడా. జబ్బు పేరు తెలుసు. కానీ ఇంకొకడి లోపల కూడా ఇది ఇలాగే ఉంటుందని కళ్ళారా చూసింది ఆ రాత్రే.

మన దగ్గర దీనికి చాదస్తం అని పేరు పెట్టేస్తాం. లేకపోతే మడి, అతిశుభ్రం, అనుమానం. ఒక్కోసారి భక్తి. పేరు మంచిదైతే జబ్బు ఎవరికీ కనపడదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా ఇలా ఉంటే దయచేసి సైకియాట్రిస్టుని కలవండి. దీనికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది, తగ్గుతుంది.

(సభలోంచి ప్రశ్న: ఇది మతాన్ని అవమానించినట్టు కాదా సార్?)

మంచి ప్రశ్న అమ్మా. అట్ట చూస్తే ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది. చివరి పేజీలు చూశాక మీరే చెప్పండి. కథలో బింకీ మతాన్ని వదిలేస్తాడు. చర్చికి పోవడం మానేసినా కిరణాలు మాత్రం మానవు. అంటే ఆ బాధ మతంతోనే పోయే బాధ కాదని గ్రీనే చెబుతున్నాడు. పెద్దయ్యాక ఒకరోజు మేరీమాత చిన్న విగ్రహాలు కొన్ని కొనుక్కొచ్చి, వరసగా పెట్టి, పగలగొట్టేస్తాడు. నేను స్వేచ్ఛ పొందాను అనుకుంటాడు. చూస్తే ఒక్క విగ్రహం పగలకుండా మిగిలి ఉంటుంది. దాన్ని పారెయ్యడు. ఉంచుకుంటాడు. ఆ తల్లిని ఇకమీద కొత్తగా చూద్దామనుకుంటాడు. ద్వేషంతో గీసినవాడైతే ఆ ఒక్కటి కూడా మిగిలేది కాదు. గుణదల కొండ ఎక్కి మేరీమాతకి కొబ్బరికాయ కొట్టొచ్చే హిందువులు మా చుట్టాల్లోనే ఉన్నారు, నాకు ఆ తల్లి పరాయిదేం కాదు. ఆ చివరి బొమ్మ చూసి నేను ఏడ్చాను.

ఈ పుస్తకం తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. దీన్ని చదివిన ఎలీన్ కొమిన్స్కీ అనే అమ్మాయి తన కథ తనే గీసింది, అదే ఏడాది 'విమెన్స్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చింది. అదే 1972లో గ్రీన్ తన మిత్రుడు ఆర్ట్ స్పీగల్‌మన్‌ని ఒక కామిక్ సంకలనం కోసం మూడు పేజీలు వెయ్యమని అడిగాడు. స్పీగల్‌మన్ తల్లిదండ్రులు నాజీల క్యాంపుల్లోంచి బతికి బయటపడినవాళ్ళు. అతను యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా వేసి ఆ మూడు పేజీలు ఇచ్చాడు. పేరు 'మౌస్'. తర్వాత అదే పెద్ద పుస్తకమై, 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. బింకీ బ్రౌన్ లేకపోతే మౌస్ లేదని స్పీగల్‌మన్ బాహాటంగానే చెప్పుకున్నాడు. ఇవాళ ప్రపంచమంతా తమ కథ తాము బొమ్మల్లో చెప్పుకుంటున్నవాళ్ళు వందలమంది ఉన్నారు. వాళ్ళలో చాలామందికి గ్రీన్ పేరు తెలియకపోవచ్చు. కానీ వాళ్ళు నడుస్తున్న దారిలో మొదటి అడుగుజాడ ఆయనదే.

ఆయనకి మాత్రం డబ్బు రాలేదు. 1973లో అశ్లీలం మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. ఏది అశ్లీలమో తేల్చడానికి స్థానిక సమాజపు ప్రమాణాలు చూడాలంది. దాంతో కొట్టువాళ్ళు భయపడి అండర్‌గ్రౌండ్ పుస్తకాలు తీసేశారు. మార్కెట్ పడిపోయింది. గ్రీన్ ఇంకో రెండు మూడు పుస్తకాలు వేశాడు, తర్వాత బ్రష్ పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. శాక్రమెంటోలో, ఆ తర్వాత సిన్సినాటిలో బోర్డులు రాశాడు. భార్య కరోల్ టైలర్ కూడా గొప్ప కామిక్స్ ఆర్టిస్టు. తన కిరణాలకి భయపడి వేలు చాపడానికే వణికిన కుర్రాడు, ముప్ఫై నలభై ఏళ్ళ పాటు నడివీధిలో, అందరి కళ్ళముందూ చెయ్యి చాపి గీతలు గీస్తూ బతికాడు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఆయన పోయిన వార్త చూసి నాన్నకి చెప్పాను. నాన్నకి అప్పటికి చూపు కొంచెం తగ్గింది. "ఆ సైన్ గేమ్ పుస్తకం తియ్యి" అన్నారు. తీసిచ్చాను. కాసేపు అట్ట మీది అక్షరాలు తడుముకుంటూ కూర్చుని, "నా డబ్బా కూడా తే" అన్నారు. డబ్బా మూత తీస్తే ఆముదం వాసన. ఉడత వెంట్రుకల బ్రష్షు ఒకటి తీసి, వేళ్ళతో కుచ్చు సరిచేసి, నా చేతికిచ్చారు. ఎండిపోలేదు. అన్నేళ్ళయినా మెత్తగానే ఉంది.

నా కథ నేనూ గీస్తున్నాను. పద్దెనిమిది పేజీలయ్యాయి. మోకాళ్ళు ముడుచుకుని పడుకున్న కుర్రాడు, నాలుగు దిక్కులా నాలుగు గుళ్ళు, పాదాల్లోంచి బయల్దేరే గీతలు. ఆ గీతల కోసం సుద్దదారం వాడుతున్నాను. రెండో కొస పట్టుకోవడానికి నాన్న వస్తారు.

సమయం అయిపోయిందంటున్నారు. పుస్తకం ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను, టీ తాగుతూ ఒక్కొక్కరే వచ్చి చూడండి. చేతులు కడుక్కుని రావక్కర్లేదు.